సంతకం లేని ముద్దుపేర్లు

శుక్రవారం ఉదయం వెర్నా టిలెట్ తనకోసం ఒక చిన్న పథకం వేసుకుంది. మధ్యాహ్నం దాకా వైస్ ప్రిన్సిపాల్ పని, సాయంత్రం పూర్వ విద్యార్థుల పండుగ ఫుట్‌బాల్ పోటీ, విరామంలో ముఖ్య అతిథికి పూలగుత్తి, ఆ తర్వాత కాళ్లు చాపుకుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. ప్రిన్సిపాల్ పిత్తాశయం ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో పడుకోవడంతో కట్లర్స్ బెండ్ హైస్కూలు మొత్తం ఆ వారం ఆమె నెత్తి మీదే ఉంది. అయినా ఏ గొడవా లేకుండానే గడిచిపోతోంది.

గొడవ వస్తుందని మాత్రం ఊరంతా ఎదురుచూసింది. సోమవారం నుంచి రాష్ట్రంలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. స్కూల్లో పనిచేసేవాళ్లెవరూ విద్యార్థులను రికార్డులో ఉన్న పేరుతో తప్ప పిలవకూడదు. అతను అనాలో ఆమె అనాలో కూడా రికార్డు ప్రకారమే. వేరేగా పిలవాలంటే తల్లిదండ్రులో, పెంచేవాళ్లో సంతకం పెట్టాలి. తప్పితే ఉద్యోగానికే ముప్పు. ఇది ఎవరికోసం వచ్చిన చట్టమో తమకు తెలుసన్నట్టు అందరూ పదో తరగతి రెన్ డాయల్ వైపు చూశారు. రికార్డులో మార్గరెట్ అని ఉన్న రెన్, ఏడాదిగా తనను 'అతను' అనమని అడుగుతున్నాడు. బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. సోమవారం స్కూలు తలుపులు తీయకముందే అతన్ని పెంచుతున్న నాయనమ్మ ఆటీ మే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మీకేం ఇబ్బంది లేదా అమ్మా?" అని వెర్నా మెల్లగా అడిగింది.

"నాకు అర్థంకానివి ఈ లోకంలో బోలెడున్నాయి మిస్ వెర్నా. మైక్రోవేవ్ కూడా అర్థంకాదు, అయినా వాడుతున్నా. పిల్లాడు మర్యాదగా అడిగాడు. పైగా చెప్పకుండానే గిన్నెలు తోముతాడు. సంతకం ఎక్కడ పెట్టాలి?"

దాంతో చట్టం పని అయిపోయిందనుకుంది వెర్నా. ఆ నమ్మకం శుక్రవారం ఉదయం రసాయనశాస్త్రం మాస్టారు లడ్లో తలుపు తట్టేదాకా నిలిచింది. లడ్లో ఈ ఏడాదే వేరే రాష్ట్రం నుంచి వచ్చాడు. నియమం అంటే ప్రాణం పెట్టే మనిషి.

"మేడమ్, బిస్కెట్ సంగతేమిటి?"

"తిన్నానండీ. క్యాంటీన్‌లో పొద్దున వెన్నతో కాల్చినవి ఇంకా వేడిగా ఉన్నాయి."

"తినే బిస్కెట్ కాదండీ. మన ఫుట్‌బాల్ జట్టులో బిస్కెట్. రికార్డులో ఆ కుర్రాడి పేరు ఫ్లోరియన్ గాంట్. వాళ్లమ్మగారు సంతకం పెట్టారా?"

గేటు పట్టనంత ఉండే ఆ కుర్రాణ్ని ఊళ్లో ఎవరూ మరో పేరుతో పిలవగా వెర్నా వినలేదు. బిస్కెట్ ఒక్కడేనా? రాకెట్, టర్టిల్, పికిల్, పెద్ద జూనియర్, చిన్న జూనియర్. రికార్డు పేరుతో పిలిపించుకునేవాడు ఆ జట్టులో ఒక్కడూ లేడు. ఆమె వెంటనే జిల్లా కార్యాలయం లాయరుకు ఫోన్ చేసింది.

"ముద్దుపేర్లకు కూడా వర్తిస్తుందాండీ?"

"చట్టంలో 'పేరు' అనే ఉందమ్మా," అన్నాడు లాయరు. "ముద్దు గురించి ఏమీ రాయలేదు."

తల్లిదండ్రుల్లో చాలామంది కాగితం మిల్లులో ఉన్నారు, అక్కడ షిఫ్టు అయ్యేదాకా ఫోన్లు ముట్టుకోనివ్వరు. దొరికిన ఒకరిద్దరూ కసురుకున్నారు. "బిస్కెట్‌ను బిస్కెట్ అనడానికి నా సంతకమా? మీకేమైనా మతి పోయిందా?" అని పెట్టేసింది బిస్కెట్ వాళ్లమ్మ. ఇక కుర్రాడి చేతికే కాగితమిచ్చి ఇంటికి పంపుదామని వెర్నా మైకులో పిలిచింది. "ఫ్లోరియన్ గాంట్ ఆఫీసుకు రావాలి." ఎన్నిసార్లు పిలిచినా ఎవరూ రాలేదు. చివరికి తనే క్యాంటీన్‌కు వెళ్లింది. బిస్కెట్ నింపాదిగా రెండో పళ్లెం లాగిస్తున్నాడు.

"ఏరా, మైకులో పిలుస్తుంటే వినపడలేదా?"

"వినపడింది మేడమ్. ఎవడో ఫ్లోరియనట. పాపం, ఏం చేశాడో."

"నువ్వేరా ఫ్లోరియన్!"

కుర్రాడు గతుక్కుమని అటూ ఇటూ చూశాడు. "కాస్త మెల్లగా అనండి మేడమ్. ఇక్కడ నాకు కొంచెం పరువుంది."

ఒక్క సంతకమూ రాకుండానే సాయంత్రమైంది, గడ్డి మైదానం చుట్టూ ఊరంతా చేరింది. పోటీ మొదలైన కాసేపటికే తమ జట్టుకు ఏదో అయిందని అందరికీ తెలిసిపోయింది. కోచ్ గ్రాడీ గీత పక్కన నిలబడి, వెర్నా ఇచ్చిన రికార్డు పేర్ల జాబితా చూసుకుంటూ, గొంతు చించుకుంటున్నాడు.

"థడియస్! ఎడమకు పరిగెత్తు! థడియస్!"

థడియస్ అనబడే టర్టిల్, ఆ థడియస్ అవతలి జట్టువాడేమో అనుకుని వాణ్ని పట్టుకోవడానికి కుడివైపు పరిగెత్తాడు. "విలియం!" అంటే, రికార్డులో ముగ్గురి పేరూ అదే కావడంతో, ఇద్దరు జూనియర్లూ, పికిలూ ఒకేసారి ఆగి వెనక్కి తిరిగారు. ఆ సందులోంచి అవతలివాడు బంతి చంకలో పెట్టుకుని దర్జాగా చివరి గీత దాటి టచ్‌డౌన్ కొట్టేశాడు. చూస్తుండగానే జట్టు రెండు టచ్‌డౌన్‌లు వెనకబడింది. వెర్నా పరుగున గీత దగ్గరికి వచ్చింది.

"చొక్కాల మీద నంబర్లున్నాయి కదయ్యా, వాటితో పిలవచ్చుగా!"

"మా నాన్న జైలు వార్డెన్ మిస్ వెర్నా. మనుషుల్ని అంకెలతో పిలవడం ఆయన పని. నా వల్ల కాదు." గ్రాడీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్కసారి బిస్కెట్ అంటాను. ఉద్యోగం పోతే పోయింది."

"ఆగు! నీకు ముగ్గురు పిల్లలు!"

సరిగ్గా అప్పుడే ఆమె జేబులో ఫోన్ మోగింది. మైకు గదిలోంచి, ఆ సాయంత్రం ప్రకటనలు చదివే పని పడ్డ లడ్లో. "మేడమ్, ముఖ్య అతిథి రికార్డు పేరు కావాలి. పూర్వ విద్యార్థి కూడా విద్యార్థే కదా?" వాదించే ఓపిక లేక వెర్నా ఆఫీసు గుమాస్తాకు ఫోన్ చేసి, అతను పాత రిజిస్టరు చూసి చదివిన పేరు విన్నది విన్నట్టు లడ్లోకు చెప్పేసి, మళ్లీ మైదానం వైపు తిరిగింది. బ్యాండువాళ్లు కూర్చున్న వరుసలో రెన్ కనిపించాడు. ఆమెకు టక్కున వెలిగింది.

"గ్రాడీ, చట్టం స్కూల్లో పనిచేసేవాళ్లకే కదా? పిల్లలు పిల్లల్ని ఏమని పిలిచినా అడిగేవాడు లేడు!"

గ్రాడీ ఒక్క అంగలో బ్యాండు దగ్గరికి వెళ్లాడు. "రెన్! ఈ స్కూల్లో నేను ధైర్యంగా నోరారా పిలవగల పేరు నీదొక్కటే. దిగి రా నాయనా!"

రెన్ బిక్కుబిక్కుమంటూ వచ్చి మెగాఫోన్ అందుకున్నాడు. గ్రాడీ బిస్కెట్ వైపు వేలు చూపించాడు. రెన్ మెగాఫోన్ నోటికి పెట్టుకున్నాడు. "బి... బిస్కెట్, వాణ్ని ఆపు."

బిస్కెట్ ఆపాడు. ఆపబడినవాడు లేవడానికి కొంత సమయం పట్టింది. జనం హోరెత్తారు. "టర్టిల్, ఎడమ! రాకెట్, పరుగు!" రెన్ గొంతు విచ్చుకుంది. "ఒరేయ్ క్లారినెట్, ఇంకా గట్టిగా!" అని మిల్లు కార్మికుడెవరో పైవరుసలోంచి అరిచాడు. సంతకమేదీ లేని ఆ కొత్త పేరు విని, ఆ వారంలో మొదటిసారి రెన్ పళ్లు కనపడేలా నవ్వాడు. విరామానికి స్కోరు సమమైంది.

వెర్నా గుండెల నిండా ఊపిరి తీసుకుంది. మైదానం మధ్యలో ముఖ్య అతిథి, ఆ చట్టం తెచ్చినవాళ్లలో ఒకడైన శాసనసభ్యుడు బక్ హాబ్‌గుడ్, కౌబాయ్ టోపీతో, భార్య కార్లీన్‌తో నిలబడి చేయి ఊపుతున్నాడు. లడ్లో గొంతు ఖంగుమంది.

"మన స్కూలు గర్వించదగిన పూర్వ విద్యార్థిని, శ్రీమతి షర్లీ డీన్ హాబ్‌గుడ్ గారికి స్వాగతం! ఆమె చేసిన సేవలు..."

పూలగుత్తి పట్టుకున్న అమ్మాయి తిన్నగా వెళ్లి దాన్ని కార్లీన్ చేతిలో పెట్టింది.

"నేను షర్లీ కాదు తల్లీ," అంది కార్లీన్, ముందున్న మైకు పనిచేస్తోందని తెలియక. "షర్లీ ఈయన."

మైదానమంతా పగలబడి నవ్వింది. హాబ్‌గుడ్ ముఖం బీట్‌రూట్‌లా అయింది. "ఎవరు చేశారు ఈ పని?"

వెర్నాకు పారిపోయే దారి లేదు. "చట్టం సార్. రికార్డులో పేరే పిలవాలట."

"నలభై ఏళ్లుగా రాష్ట్రమంతా నన్ను బక్ అంటోంది!"

"బిస్కెట్‌ను కూడా ఊరంతా బిస్కెట్ అనే అంటుంది సార్. అయినా వాళ్లమ్మగారి సంతకం కావాలన్నారు."

రాజకీయాల్లో తలపండినవాడు కాబట్టి జనం నవ్వును తనవైపు తిప్పుకుందామనుకున్నాడు హాబ్‌గుడ్. టోపీ ఎత్తి, మైకు అందుకుని, ముందు వరుసలో దుప్పటి కప్పుకుని కూర్చున్న ముసలావిడ వైపు తిరిగాడు. "మా అమ్మ ఇక్కడే ఉంది! అమ్మా, నన్ను బక్ అనడానికి ఒక సంతకం పడెయ్యవే!"

ఎల్మైరా హాబ్‌గుడ్ నింపాదిగా కళ్లజోడు సర్దుకుంది. "పెట్టను."

"అమ్మా!"

"షర్లీ మా నాన్న పేరు. యుద్ధంలో పతకం తెచ్చిన మనిషి. నువ్వేమో అది ఆడపిల్ల పేరని స్కూల్లో ఎవడో వెక్కిరించాడని ఏడుస్తూ ఇంటికొచ్చి, ఇకనుంచి నేను బక్ అన్నావు. నన్నొక్క మాట అడిగావా?"

"ఎవర్నో అడిగేదేంటమ్మా? నా పేరు నా ఇష్టం! నేనెవరో నాకు తెలీ..." అని అతను టక్కున ఆగిపోయాడు. ఆ మాట మాత్రం మైకు మైదానం నాలుగు మూలలా వినిపించింది. గీత పక్కన రెన్ మెగాఫోన్ దించి, మొదటిసారి ఆయన్ను తేరిపార చూశాడు. జనంలో నవ్వు తగ్గింది.

"ఆలోచిస్తాలే," అంది ఎల్మైరా, కాస్త మెత్తబడి. "ముందు పక్కకు జరుగు షర్లీ, పిల్లలు ఆడుకోవాలి."

ఆ సాయంత్రం జట్టు గెలిచింది. నెల తిరక్కుండా, ముద్దుపేర్లకు ఎవరి సంతకమూ అక్కర్లేదంటూ ఆ చట్టానికి ఒక సవరణ ప్రతిపాదన వచ్చింది. ప్రతిపాదించిన సభ్యుడి పేరును, సభ నియమాల ప్రకారం, రికార్డులో ఉన్నది ఉన్నట్టుగా అచ్చువేశారు.