ముసల్ది లేవటం లేదు

ఆవేళ పొద్దున్న ఏడుకొండలు తలపెట్టినవి రెండే పనులు. చద్దన్నం తినడం, కూలీలకంటే ముందు చేలో దిగడం. శ్రావణమాసం. ముక్తేశ్వరం కాలవ నిండుగా పారుతోంది. ఆ కాలవ తవ్వి నాలుగేళ్ళయినా కాలేదు. ఆ నీళ్ళు ఎన్నాళ్ళుంటాయో ఎవరికీ నమ్మకం కుదరలేదు కాబట్టి, ఉన్నప్పుడే నాట్లు ఊడ్చుకోవాలని ఊరంతా తొందరపడుతోంది.

మొదటి ముద్ద నోటిదాకా వచ్చేసరికి తల్లి అచ్చాయమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. ఒక చేతిలో కొబ్బరికాయ, రెండో చేతిలో కర్ర.

"అయినవిల్లి వెళ్ళొస్తాను. వినాయకుడికి కాయ కొడతానని మొక్కుకున్నాను. నేనొచ్చేలోగా దాన్ని లేపు. లేపకపోతే నేనూ మంచినీళ్ళు ముట్టను" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆవిడ చెప్పింది బాతు సంగతి.

ఆ బాతు ఇంటికి వచ్చిన వైనం వేరే ఉంది. అచ్చాయమ్మ తమ్ముడు వెంకటస్వామి కొత్తపేట దగ్గర మూడు వందల బాతుల్ని మేపుకుని బతుకుతాడు. ఐదేళ్ళ కిందట ఒకనాడు మందను తోలుకుంటూ అక్కగారింటికి భోజనానికి వచ్చాడు. ఆయన పప్పు కలుపుకుని చారు పోయించుకునేలోపల బాతులు ఆకుమడిలో దిగి నారంతా నాశనం చేశాయి. "నిన్ను కన్నందుకు అమ్మ ఏడ్చిందో లేదో గాని, నిన్ను భోజనానికి పిలిచినందుకు నేను ఏడవాలి" అంది అచ్చాయమ్మ. వెంకటస్వామి విస్తరి ముందునించి లేచి, ఈ గడప మళ్ళీ తొక్కనని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ గొడవలో మందనించి వెనకబడి ఒక్క బాతు మిగిలిపోయింది. ఆకుమడికి జరిమానా అంటూ అచ్చాయమ్మ దాన్ని పట్టి గూట్లో వేసింది. ఆర్నెల్లు తిరిగేసరికి జరిమానా కాస్తా ముద్దుల బిడ్డ అయింది. ఇప్పుడు వయసు మీదపడి ఇంట్లో అందరికీ 'ముసల్ది' అయింది.

ఐదేళ్ళూ గుడ్లు పెట్టిందేగాని అది ఏనాడూ పొదగలేదు. ఆ చుట్టుపక్కల బాతుగుడ్లను కోడి కింద పెట్టి పొదిగించడమే అలవాటు. ఈ ఏడు దానికి ఏం బుద్ధి పుట్టిందో, పెరట్లో కట్టెల మోపు వెనక గడ్డి పోగుచేసుకుని, రాలిపడిన కొబ్బరి పిందెలు నాలుగింటిని పొట్ట కిందికి తోసుకుని కూర్చుంది. పిందెలు తీసేస్తే ఉత్త గడ్డినే పొదగడం మొదలుపెట్టింది. పదిహేడు రోజులైంది. గుడ్లు లేవు, మేత లేదు. రొమ్ము ఎముక చేతికి తగులుతోంది.

"మా అమ్మ పొదుగు కోడిని నీళ్ళల్లో ముంచేదండి. దెబ్బకి లేచిపోయేది" అంది ఏడుకొండలు భార్య రత్నం.

"కోడికి నీళ్ళంటే భయం. ఇది బాతు కదే."

"ముంచి చూడండి. పోయేదేవుంది?"

ఏడుకొండలు దాన్ని కాలవలో రెండుసార్లు ముంచాడు. బాతు రెండుసార్లూ హాయిగా ఈదింది, గట్టెక్కి రెక్కలు దులుపుకుంది, తడికాళ్ళతో నడుచుకుంటూ పోయి గడ్డిలో కూర్చుంది. గంప తెచ్చి మూశాడు. గంప కింద మరీ స్థిమితంగా కూర్చుంది. మేత పెట్టబోతే బొటనవేలు కండ ఊడేలా పొడిచింది.

"రేపటిక్కూడా లేవకపోతే కోసి పులుసెట్టేద్దాం" అంది రత్నం, నవ్వుతూనే.

రక్తం కారుతున్న వేలిని పంచె కొంగుతో చుట్టుకుంటూ ఏడుకొండలు ఆలోచించాడు. బాతుల మనసు తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే. అమ్మ ఇంట్లో లేని సమయం కూడా ఇదొక్కటే. సరిగ్గా అప్పుడే కాలవలో సూరయ్య పడవ వెళుతోంది. సూరయ్యది అవతలి ఊరు. తెరచాపకు మంచి గాలి తగలడంతో పడవ ఆపే ఉద్దేశం అతనికి లేదు. ఏడుకొండలు గట్టుమీద పడవతోపాటు పరిగెత్తాడు.

"సూరయ్య బావా, కొత్తపేటేనా?"

"ఆయ్, కొత్తపేటే."

"మా వెంకటస్వామి మావయ్యతో ఓ మాట చెప్పాలి. మా ముసల్ది కూకున్న చోటినించి లేవట్లేదని చెప్పు. తిండి మానేసింది. పదిహేడు రోజులైంది. ఏం చెయ్యాలో ఆయనకే తెలుస్తాదని చెప్పు."

సూరయ్య మొహం పాలిపోవడం ఏడుకొండలు చూశాడు. బాతంటే ఇంత జాలిపడే మనిషని ఇన్నాళ్ళూ తెలియలేదే అనుకున్నాడు. సూరయ్య మటుకు, కన్నతల్లిని ముసల్ది అంటున్నాడంటే దిగులుతో నోరు అదుపు తప్పిందనుకున్నాడు. తరవాతి రేవులో స్నానం చేస్తున్న మునసబు పెదబాబుగారికి ఆ మాట చెప్పి మరీ ముందుకు సాగాడు.

పెదబాబుగారు మెత్తని మనిషి. తడిపంచెతోనే వచ్చేశారు.

"ఏరా, ఎలా ఉంది?"

మునసబుగారంతటి వారు బాతుని పరామర్శించడానికి రావడం ఏడుకొండలుకి ఎంతో గౌరవంగా అనిపించింది. చేతులు కట్టుకున్నాడు.

"అలాగే ఉందండి. పొద్దున్న కాలవలో ముంచేనండి."

"కాలవలోనా?"

"ఆయ్, రెండు మాట్లండి. ఈదుకొచ్చి మళ్ళా అక్కడే కూకుందండి."

పెదబాబుగారు అరుగుమీద చతికిలబడ్డారు. "ఇప్పుడెక్కడుంది?"

"పెరట్లో గంప కింద మూసేనండి."

"గంప సరిపోయిందా?"

"పెద్దదే తెచ్చేనండి. దగ్గరికెళ్తే బుసకొడతందండి. ఇదిగో, వేలు ఎలా పొడిచిందో చూడండి. రేపటికీ లేవకపోతే కోసేద్దామంటంది మా ఆడది."

పెదబాబుగారు లోపలున్న రత్నం వైపు చూశారు. ఆ పిల్ల తీరిగ్గా కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. ఆయన లేచి పెరటి గుమ్మందాకా వెళ్ళారు. కట్టెల మోపు వెనకనించి 'హుస్స్' మని శబ్దం వచ్చింది. ఆయన వెళ్ళినంత మర్యాదగానే వెనక్కి వచ్చారు.

"నలుగుర్నీ రానీ" అన్నారు. తలారిని పిలిచి, ఏడుకొండలుని ఇల్లు కదలనివ్వవద్దని చెవిలో చెప్పి కాపలా పెట్టారు.

మధ్యాహ్నానికి వాకిలి నిండిపోయింది. ఊడుపు చేలో ఉండాల్సిన ఆడవాళ్ళు బురదకాళ్ళతోనే వచ్చి కళ్ళొత్తుకుంటున్నారు. ఇద్దరు మగవాళ్ళు పచ్చి వెదుళ్ళు నరికి తెచ్చి గోడవార పడేశారు. పెరట్లోకి వెళ్ళడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు. ఒక్క బాతు కోసం ఊరంతా కదిలొచ్చిందని ఏడుకొండలు కళ్ళు చెమర్చాయి.

"ఈ వెదుళ్ళెందుకండి?" అని అడిగాడు.

"తప్పదురా అబ్బాయి. ముందే సిద్ధం చేసుకోవాలి" అని ఒక పెద్దాయన వీపు నిమిరాడు. కంచె కట్టడానికి కాబోలనుకుని ఏడుకొండలు ఆయనకు దణ్ణం పెట్టాడు.

పొద్దు వాలుతుండగా వెంకటస్వామి వచ్చాడు. మోకాళ్ళదాకా బురద, ఒళ్ళంతా చెమట. వీధి గడప ఎక్కడుందో కూడా చూసుకోకుండా లోపలికి దూసుకొచ్చి, వాకిట్లో వెదుళ్ళు చూసి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

"ఊరుకో మావయ్యా. దాని వయసైపోయింది. మనవేం చేస్తాం?" అన్నాడు ఏడుకొండలు.

వెంకటస్వామి లేచి చెంప ఛెళ్ళుమనిపించాడు. "దానా? కన్నతల్లిని పట్టుకుని అదీ ఇదీ అంటావా?"

"కన్నతల్లేంటి మావయ్యా? నీ మందలోదే కదా?"

వెంకటస్వామి మళ్ళీ చెయ్యెత్తాడు. అప్పుడే అచ్చాయమ్మ ప్రసాదం కొబ్బరిచెక్క పట్టుకుని వీధి మలుపు తిరిగింది. తన ఇంటిముందు జనం. తలారి. వెదుళ్ళు. ఏడుస్తున్న తమ్ముడు. ఆవిడ చేతిలో కర్ర జారిపోయింది.

"పోయిందా? నా తల్లి పోయిందా?" అంటూ శోకం తీసింది.

అలవాటుకొద్దీ ఇద్దరు ఆడవాళ్ళు ఆవిడతో గొంతు కలిపారు. ఎవరికోసం ఏడుస్తున్నారో, ఎవరితో కలిసి ఏడుస్తున్నారో తట్టేసరికి ఆ గొంతులు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. వెంకటస్వామి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. పెదబాబుగారు పెరట్లోకి వెళ్ళి గంప ఎత్తారు. బాతు ఆయన్ని ఓసారి చూసి, బుసకొట్టి, గడ్డి సర్దుకుని కూర్చుంది.

జనం ఒక్కొక్కరే ఊడుపు సంగతి గుర్తొచ్చినట్టు జారుకున్నారు. పెదబాబుగారు తలారిని వెంటబెట్టుకుని అందరికంటే ముందు వెళ్ళారు. అక్కా తమ్ముడూ వాకిట్లో మిగిలారు. వెంకటస్వామి ఉత్తరీయం దులిపి భుజాన వేసుకున్నాడు. తను నిలబడ్డది గడప లోపల అని అప్పుడే చూసుకున్నాడు.

"నేను పోయేననుకుని వచ్చేవా?" అంది అచ్చాయమ్మ.

"ఇంకా పోలేదన్నారు. పోయేలోగా చూద్దామని."

"పడవ మీదొచ్చేవా?"

"పడవ ఆలస్యమవుద్దని, మందని కుర్రాళ్ళకి వదిలేసి గట్టెంట పరిగెత్తేను."

ఆవిడ తమ్ముడి పాదాల వైపు చూసింది. వేళ్ళు చితికి రక్తం వస్తోంది. "వచ్చేవు కదా, దాన్నోసారి చూడు" అని పెరటి వైపు నడిచింది.

వెంకటస్వామి బాతుని రెండు చేతులతో లేవనెత్తాడు. అది అతన్ని పొడవలేదు. రొమ్ము తడిమి చూశాడు. "రోగం కాదక్కా, పంతం. పొట్ట కింద వెచ్చగా ఉన్నన్నాళ్ళూ ఇది లేవదు. ముంచితే ఏం లాభం, గడ్డి అక్కడే ఉంచేరు కదా. చల్లగాలి తగలాలి."

"పంతానికి చల్లగాలి మందా?"

"దీనికైతే అదే మందు" అన్నాడు తల ఎత్తకుండా.

గోడవారనున్న వెదుళ్ళు తెప్పించి, బద్దలు చీల్చి, మోకాలెత్తున చిన్న మంచె కట్టాడు. అడుగున వేలు దూరేటంత సందులు వదిలాడు. గడ్డి అంతా ఎత్తి దూరంగా పోయించాడు. బాతుని మంచెమీద పెట్టి పైన వెలుతురు పడే సందుల గంప బోర్లించి, అందేటట్టు నీళ్ళూ, తడిపిన తవుడూ, చితక్కొట్టిన నత్తలూ పెట్టాడు.

"మూడ్రోజులు ఇలా వెలుతుర్లో ఉంచాలి. మూడ్రోజులూ ఎవరో ఒకళ్ళు చూస్తుండాలి" అన్నాడు కాలవ వైపు చూస్తూ.

"ఎవరో ఒకళ్ళకి ఏం తెలుస్తాది? తెలిసినవాడే చూడాలి" అంది అచ్చాయమ్మ పొయ్యి వైపు చూస్తూ. రత్నం ఇంకో విస్తరి వేసింది.

మొదటిరోజు బాతు మంచెమీద అలిగి కూర్చుంది. రెండోరోజు సాయంత్రానికి లేచి నిలబడి నత్తలు తింది. మూడోరోజు గంప తీయగానే ఎగిరి దూకి, గడ్డి ఉన్న చోటు వైపు కన్నెత్తయినా చూడకుండా తిన్నగా కాలవకు పోయింది.

నాలుగోరోజు పొద్దున్న వెంకటస్వామి ఉత్తరీయం భుజాన వేసుకుని అరుగు దిగాడు. వెనకనించి అచ్చాయమ్మ గొంతు వినిపించింది.

"ఇంకా నలతగానే ఉందిరా అది. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో."

బాతు మొహం ఎవరికీ కనిపించడం లేదు. అది కాలవలో తలకిందులుగా మునిగి, తోక ఆకాశానికి పెట్టి మేత వెతుక్కుంటోంది. ఏడుకొండలు ఏదో చెప్పబోతే రత్నం జబ్బ గిల్లింది. పుట్టి బుద్ధెరిగినప్పటినించీ బాతులతోనే బతికిన వెంకటస్వామి, ఆ తోకను చాలాసేపు శ్రద్ధగా పరీక్షించాడు.

"అవునక్కా. ఇంకో వారం చూడాలి" అని మళ్ళీ అరుగెక్కాడు.

ఆ వారం కార్తీకం దాకా సాగింది.