ఇరవై తప్పుల అలమర

ఆ రోజు పొద్దున అక్కయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నర బస్సులో లైబ్రేరియన్ల సదస్సుకు వెళ్లాలి. అక్కడ ప్రదర్శనకు పెట్టిన కొత్త మిషన్లో ఒక్కటంటే ఒక్క లోపం పట్టుకోవాలి. అయిదున్నర బస్సుకు తిరిగొచ్చేయాలి.

లైబ్రరీలో అందరూ ఆమెను ఎదురుగా "అక్కయ్యా" అని పిలుస్తారు, ఆమె వెనక్కి తిరగ్గానే "అనుమానం అక్కయ్య" అంటారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో లావుపాటి సంచీతో వచ్చిన పాఠకుడెవడూ ఆమె కళ్లు తప్పించుకుని గడప దాటలేదు. కొత్త ఫ్యాను బిగిస్తే మూడు రెక్కలూ ఒకే పొడవున్నాయో లేదో స్కేలు పెట్టి కొలిచింది. ఇంట్లోనూ అంతే. పాలు పొంగకపోతే పాల మీద అనుమానం, పొంగితే పొయ్యి మీద అనుమానం.

చీఫ్ లైబ్రేరియన్ ఆమెను వెంటబెట్టుకుని బయల్దేరింది కూడా అందుకే. "నువ్వు వంక పెట్టలేని వస్తువంటూ ఉంటే, దాన్ని కళ్లు మూసుకుని కొనేయొచ్చమ్మా" అన్నాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ మాటకున్న తోకే బాగాలేదు. "మిషన్ కొన్నామనుకో, ఇక రెండో అంతస్తులో నీకు పనుండదు. నిన్ను గోడౌన్‌కి వేస్తాను. ప్రశాంతంగా ఉంటుంది."

గోడౌన్ ఎంత ప్రశాంతమో అక్కయ్యకు తెలుసు. కిటికీ ఉండదు, పలకరించే మనిషి ఉండడు, ఉన్న ఒక్క బల్బూ దానికి బుద్ధి పుట్టినప్పుడు వెలుగుతుంది. రెండో అంతస్తులో తొంభై రెండు అలమరలున్నాయి. కళ్లకు గంతలు కట్టినా ఏ పుస్తకం ఎక్కడుందో ఆమె చెప్పగలదు. ఆ అంతస్తు వదిలి పోవాలన్న ఆలోచనకే ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏవండీ, ఆ మిషన్ వెనకాల ఏదో మతలబు ఉంది" అంది బస్సులోంచి భర్తకు ఫోన్ చేసి.

"నీ వెనకాల సీట్లో మీ చీఫ్ గారున్నారేమో, ముందది చూసుకో" అన్నాడాయన.

చూసుకుంది. ఉన్నాడు. ఫోన్ పెట్టేసింది.

సదస్సు భవనంలో మెడలో వేసిన చిప్పు బ్యాడ్జిని వెలుతురుకేసి పట్టుకుని కాసేపు పరీక్షించింది. తర్వాత టీ కప్పు అందుకుని నేరుగా ప్రదర్శన వసారాలోకి నడిచింది. మిషన్ అక్కడే ఉంది. నిలువెత్తు మనిషంత పొడవు, కింద నాలుగు చక్రాలు, నెత్తి మీద ఆకుపచ్చ దీపం. పుస్తకాలకు అంటించిన చిప్పుల్ని చదివి, ఏ పుస్తకం తన చోట్లో లేదో చెప్పడం దాని పని. పక్కనే మూడొందల పుస్తకాలతో ఒక చక్రాల అలమర. దాని తాలూకు మనుషులెవరూ దరిదాపుల్లో లేరు.

అక్కయ్య మిషన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. రెండో ప్రదక్షిణలో చూపు అలమర మీద పడింది. అర్థశాస్త్రం నడుమ ఒక వైద్యం పుస్తకం. వ్యవసాయం వరసలో ఎవరిదో ఆత్మకథ. కింది అరలో అయితే మూడో సంపుటం ముందూ, మొదటి సంపుటం వెనకా.

"ఇంత మిషన్ అమ్మేవాళ్లకు ఇంత అలమర సర్దుకోవడం చేతకాదు" అని సణుక్కుంది. ఎడమ చేతిలో టీ కప్పు ఉంది. కుడి చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. టీ అయిపోయేసరికి అలమర కూడా అయిపోయింది.

పదింటికి అలమరను వేదిక మీదికి దొర్లించారు. కోటు వేసుకున్న కంపెనీ మేనేజరు మైకు పట్టుకుని, "ఇందులో మేం కావాలనే ఇరవై పుస్తకాలు తప్పు చోట పెట్టాం. పన్నెండు నిమిషాల్లో మా మిషన్ ఇరవైనీ పట్టేస్తుంది, చూడండి!" అన్నాడు.

వెనక వరుసలో అక్కయ్య తన కుడి చేతికేసి చూసుకుంది.

మిషన్ అలమర ముందు అటూ ఇటూ తిరిగింది, ఆగింది. తెర మీద పెద్ద అక్షరాలు పడ్డాయి: తప్పులు సున్నా. హాలంతా గొల్లుమంది. మేనేజరు పరుగున వెళ్లి జాబితా పెట్టుకుని చూశాడు. ఇరవై పుస్తకాలూ వాటి వాటి చోట్లలో నిక్షేపంగా ఉన్నాయి. "మిషన్ కరెక్టేనండీ! పుస్తకాలు నిజంగానే సరిగ్గా ఉన్నాయి!" అని మైకులో మొత్తుకున్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అని ఎవరో అనడంతో హాలు మళ్లీ గొల్లుమంది.

"నువ్వన్నది నిజమేనమ్మా, ఇదొట్టి దండగ మిషన్" అన్నాడు చీఫ్, ఆమె వైపు తిరిగి. ఇరవై ఆరేళ్లలో ఆయన ఆమెను మెచ్చుకోవడం ఇదే తొలిసారి. గోడౌన్ తప్పినట్టే. అక్కయ్యకు లేచి గంతులు వేయాలనిపించింది.

ఆ సంతోషం వసారా దాకా కూడా నిలవలేదు. అక్కడ బ్యానర్ పక్కన మేనేజరు కంపెనీ ఇంజనీరు అమ్మాయిని నిలబెట్టి కడిగేస్తున్నాడు.

"పొద్దున పుస్తకాలు మార్చమంటే మార్చావా, లేదా?"

"మార్చాను సార్. ఒట్టు."

"మరి వాటంతటవే నడిచి వెళ్లిపోయాయా? రెండింటికి మళ్లీ చూపిస్తానని సదస్సు వాళ్లకు మాటిచ్చాను. నా కళ్ల ముందు మార్చు. ఇదీ పోయిందంటే రేపట్నించి నువ్వు ఆఫీసుకి రానక్కర్లేదు."

ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తూ ఇరవై పుస్తకాలు మళ్లీ మార్చింది. అక్కయ్యకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే మిషన్ మంచిదని తేలి తను గోడౌన్‌కి పోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల ఇంటికి పోతుంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని పక్కకు జరిగింది. రెండోసారి మిషన్ ఎలాగూ పట్టేస్తుంది, ఆ పిల్ల ఉద్యోగం నిలుస్తుందని తనకు తనే సర్దిచెప్పుకుంది. తన సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మేనేజరు కాపలావాణ్ణి పిలిచి, "ఒక్క పుస్తకం బయటికి పోకూడదు" అని గట్టిగా చెప్పి భోజనానికి వెళ్లాడు. అక్కయ్య ఎదుటి బెంచీ మీద కూర్చుంది. చేతుల మీద నమ్మకం లేక రెండింటినీ ఒళ్లో బిగించి పెట్టుకుంది.

మొదట ఒక దళసరి కళ్లద్దాలాయన వచ్చాడు. మిషన్ని చూశాడు, అలమరను చూశాడు. "ఛ" అని రెండు పుస్తకాలు సర్ది వెళ్లిపోయాడు. తర్వాత ముగ్గురు ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ వచ్చి, కబుర్లు ఆపకుండానే ఆరు సర్దారు. చేతికర్రతో వచ్చిన రిటైరైన పెద్దాయనొకాయన కష్టపడి వంగి కింది అర సర్దాడు. పుస్తకమేదీ బయటికి పోవడం లేదు గనక కాపలావాడు హాయిగా చూస్తున్నాడు.

అక్కయ్య ఇక ఆగలేకపోయింది. లేచి వెళ్లి వ్యాకరణం పుస్తకమొకటి తీసి చేపల పెంపకం పక్కన పెట్టబోయింది. చెయ్యి కదలదే! పళ్లు బిగబట్టి, కళ్లు మూసుకుని దూర్చింది.

"ఏ లైబ్రరీ అండీ మీది?" అంది వెనక నుంచి ఒక పొడుగాటి లైబ్రేరియన్. ఆ పుస్తకం తీసి సరైన చోట పెట్టి, అక్కయ్యను నఖశిఖపర్యంతం చూసింది. "జీతం తీసుకుంటున్నారా అసలు?"

రెండింటికి తెర మీద మళ్లీ సున్నా పడింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు, అందరూ జాలిపడ్డారు. మేనేజరుకు నవ్వే నయమనిపించింది. "ఇది పోటీ కంపెనీ కుట్ర!" అని కాపలావాడి మీద విరుచుకుపడ్డాడు. "ఎవడు ముట్టుకున్నాడు?"

"పుస్తకాలేం పోలేదు సార్. వచ్చినవాళ్లంతా పెద్దమనుషులు, చక్కగా సర్ది వెళ్లారు" అన్నాడు వాడు. మేనేజరుకు ఆ కోపంలో 'పోలేదు' అన్నదే వినిపించింది. "ఒకావిడ మాత్రం దొంగచూపులు చూస్తూ తప్పు చోట పెట్టింది. అదిగో, ఆవిడే" అని కాపలావాడు వేలెత్తాడు.

వేలు తన మీదికి రాకముందే అక్కయ్య బ్యాడ్జిని కొంగు కింద దాచేసుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే అయింది. క్షణంలో ఆమె చుట్టూ మేనేజరు, చీఫ్, కాపలావాడు చేరారు. వాళ్ల వెనక ఇంజనీరు అమ్మాయి ఎర్రబడ్డ కళ్లతో నిలబడింది. ఆ కళ్లు చూశాక అక్కయ్యకు గోడౌన్ గుర్తుకు రాలేదు.

"ఈ పిల్ల తప్పేం లేదండీ. మిషన్ తప్పూ లేదు. పొద్దున ఇరవై పుస్తకాలూ సర్దేసింది నేనే. మధ్యాహ్నం సర్దింది మావాళ్లు, పదిమంది దాకా ఉంటారు."

అక్కడున్న వాళ్లెవరూ ఆ మాట నమ్మలేదు.

"పదిమందా? పోటీ కంపెనీ ముఠాయే దింపిందన్నమాట" అన్నాడు మేనేజరు.

"పొద్దున దాకా మిషన్ పేరెత్తితే భగ్గుమన్నావు. ఇప్పుడు దాన్ని వెనకేసుకొస్తున్నావు" చీఫ్ గొంతు తగ్గించాడు. "వీళ్లేమైనా ముట్టజెప్పారా అమ్మా నీకు?"

జన్మంతా ఊళ్లోవాళ్లందర్నీ అనుమానించింది గానీ, తనను ఒకరు అనుమానిస్తే ఇంత మంటగా ఉంటుందని అక్కయ్యకు తెలియదు. "సరే సార్" అంది. "నాలుగింటికి టీ విరామం ఉంది. ఇంకోసారి ఇరవై మార్పించండి. మనమంతా ఆ బ్యానర్ వెనకాల నిలబడదాం. తర్వాత మీ ఇష్టం."

నాలుగింటికి అయిదుగురూ ఊపిరి బిగబట్టి బ్యానర్ వెనక నిలబడ్డారు. హాలు తలుపులు తెరుచుకున్నాయి. టీ కప్పులతో లైబ్రేరియన్లు వసారాలోకి వచ్చారు. మొదటి పుస్తకం కదలడానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఒకరు అలవాటుగా, ఒకరు విసుగ్గా, ఒకావిడ అయితే ఫోన్‌లో ఎవర్నో తిడుతూనే సర్దారు. సదస్సు అధ్యక్షుడు కూడా దారిన పోతూ ఒక నిఘంటువును పక్కకు జరిపి, దుమ్ము దులిపి, తను చేసిన పని తనకే తెలియనట్టు వెళ్లిపోయాడు.

"పంతొమ్మిది" అంది ఇంజనీరు అమ్మాయి జాబితా చూస్తూ. ఆమె మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

ఇరవయ్యోది పై అరలో ఉంది. సంగీతం మధ్యలో కోళ్ల జబ్బుల పుస్తకం. అది ఎవరికీ అందలేదో, కనిపించలేదో, విరామం ముగిసి అందరూ లోపలికి వెళ్లినా అలాగే ఉండిపోయింది. ఒక నిమిషం గడిచింది. చీఫ్ కాళ్లు మార్చాడు. రెండు నిమిషాలు గడిచాయి. ఆయన దగ్గాడు, మెడ గోక్కున్నాడు, చూపు తిప్పుకున్నాడు, చూపు మళ్లీ అక్కడికే పోయింది.

"వద్దు సార్" అంది అక్కయ్య గుసగుసగా.

"ఒక్కటే కదమ్మా" అంటూ ఆయన బ్యానర్ తోసుకుని వెళ్లి, మునివేళ్ల మీద లేచి, కోళ్ల జబ్బుల్ని కోళ్ల దగ్గరికి చేర్చాడు.

మిషన్ను నడిపించారు. సున్నా అంది. ఈ సున్నాను మాత్రం అందరూ నమ్మారు. మేనేజరు ఇంజనీరు అమ్మాయికి క్షమాపణ చెప్పాడు. ఆ పిల్ల "ఆంటీ" అంటూ అక్కయ్యను చుట్టేసుకుంది.

"మరి సార్, ఆర్డరు..." అన్నాడు మేనేజరు, చీఫ్ వైపు తిరిగి ఆశగా.

"కొంటాం. మంచి మిషన్" అన్నాడు చీఫ్.

అక్కయ్య తల దించుకుంది. చేసింది మంచి పనే, సందేహం లేదు. అయినా తొంభై రెండు అలమరలూ ఒక్కొక్కటే కళ్ల ముందు నడిచి వెళ్లిపోతున్నట్టనిపించింది.

"కానీ రెండో అంతస్తులో దీన్ని పెట్టి ఏం లాభం? మావాళ్లు దీనికి ఒక్క తప్పయినా మిగులుస్తారా?" చీఫ్ ఆలోచిస్తూ అన్నాడు. "గోడౌన్‌లో అయితే పదిహేనేళ్లుగా మనిషి అడుగు పెట్టలేదు. తప్పులన్నీ భద్రంగా ఉన్నాయి. అక్కడికి వేద్దాం."

"నన్నా సార్?"

"మిషన్నమ్మా."

అక్కయ్య ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. "ఇందులో మతలబేం లేదు కదా సార్?" అంది.

నెల తిరిగేసరికి ఉత్తర్వు నోటీసు బోర్డు ఎక్కింది, మిషన్ గోడౌన్‌లో చేరింది. ఆ లైబ్రరీ చరిత్రలో గోడౌన్‌కి వేశారని తెలిసి కూడా మెడికల్ సర్టిఫికెట్ తేని ఉద్యోగి అదొక్కటే.