పాతికేళ్లు నిండని బండి

నాగరికత అంటే ఏమిటో పండితులు రకరకాలుగా నిర్వచించారు గాని, అసలు నిర్వచనం చాలా చిన్నది. బండి ఎక్కడ ఆపినా ఎవరో ఒకరు వచ్చి ఇక్కడ ఆపకూడదని చెప్పే చోటే నాగరికమైన చోటు. ఈ కొలతతో చూస్తే టొరంటో ప్రపంచంలోని మహా నాగరిక నగరాల్లో ఒకటి. అక్కడికి రెండు రోజుల దారి దూరంలో ఉన్న థండర్ బే ఇంకా ఆ స్థాయికి ఎదగలేదు. అక్కడ రోడ్డు పక్కన బండి ఆపితే ఎదురింటివాళ్లు బయటికొచ్చి, ఏమైనా పాడయిందా, కాఫీ తాగుతారా అని అడుగుతారు.

ఇర్మా కాల్లియో ఆ వెనకబడిన ఊరి మనిషి. బడి బస్సు నడిపి రిటైరైంది. భర్త రీనో వడ్రంగి. వాళ్లకొక ఆర్‌వీ ఉంది. పొయ్యి, మంచం, స్నానాలగది అన్నీ కడుపులో పెట్టుకుని తిరిగే బండి. లోపల గోడలన్నిటికీ రీనో స్వయంగా దేవదారు చెక్క కొట్టాడు. రీనో ఆ బండిలో తప్ప పరాయిచోట ఎక్కడా నిద్రపోలేడు. కిటికీ తెరుచుకోని హోటలు గదిలో పడుకుంటే తనను ఎవరో సీసాలో వేసి మూత బిగించినట్టుంటుందని అతని ఫిర్యాదు.

జనవరిలో ఒకరోజు టొరంటో నుంచి ఇర్మా అక్క సిర్కా ఫోను చేసింది.

"పెళ్లే ఇర్మా! జూన్లో."

"ఎవరిదే అక్కా?"

"నాదే. అంత గుటకలు మింగకు, నాకింకా డెబ్బై రెండే."

వరుడి పేరు విన్‌స్టన్. జమైకా నుంచి వచ్చి, జీవితమంతా నేలకింద మెట్రో రైలు నడిపి, ఈమధ్యనే వెలుతురులోకి వచ్చిన మనిషి. సిర్కాను రోజుకు ఒక్కసారైనా పొట్ట పట్టుకుని నవ్వేలా చేస్తాడట. ఆమెకు అంతకుమించి అర్హతలేవీ అక్కర్లేకపోయాయి.

"ఇదిగో విను," అంది సిర్కా. "మొదటి పెళ్లికి నువ్వు రాలేదు. మంచు పడి దారి మూసేశారన్నావు. నిజమే అనుకో. కానీ ఫోటోలో నా పక్కన ఖాళీ అలాగే ఉండిపోయింది. అందుకే ఈసారి జూన్లో పెట్టుకున్నా. నా పక్కన నువ్వే నిలబడాలి. కాఫీతో తినే తీపి రొట్టె నువ్వే చెయ్యాలి. యాలకులు అమ్మ వేసినట్టు వెయ్యాలి, పిసినారితనం చెయ్యకు."

"వస్తానే. ఈసారి నడిచైనా వస్తా," అంది ఇర్మా. (తర్వాత పరిణామాలు చూస్తే ఆ నడిచే పద్ధతే తేలికని తేలేది.)

అక్క ఇంట్లో దిగడం కుదరదు. ఆమె ఉండే అపార్టుమెంటు సంఘం అతిథుల్ని అంగీకరిస్తుంది గాని ఒకసారికి ఒకరినే. రీనోను లాబీలో ఉంచవచ్చు, అదీ నిలబడి. కనుక నగరం అంచున ఎక్కడో ఒకచోట బండి నిలుపుకోవాలి. ఇందులో అంత ఆలోచించాల్సింది ఏముందని రీనో అన్నాడు. రీనో అప్పటికి అమాయకుడు.

మొదట సర్కారువారి అటవీ పార్కు. అక్కడ జూన్‌లో బండి పెట్టుకోవాలంటే జనవరిలో ఉదయం ఏడింటికల్లా కంప్యూటరు ముందు కూర్చోవాలి. ఇద్దరూ కాఫీ కలుపుకుని, కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నారు. ఏడు కొట్టగానే ఇర్మా మీట నొక్కింది. వరుసలో ఆమె సంఖ్య కనిపించింది. ఆ సంఖ్య వాళ్ల పేట జనాభా కంటే పెద్దది.

అయినా మధ్యాహ్నానికి వంతు వచ్చింది. చివరి మెట్టుగా, మీరు యంత్రం కాదని నిరూపించుకోండి అని అడిగింది యంత్రం. బస్సులున్న గడులన్నీ నొక్కాలట.

ఇర్మా మూడు గడులు నొక్కి ఆగింది.

"నాలుగోది కూడా నొక్కవే," అన్నాడు రీనో.

"అది బస్సు కాదు. వ్యాను."

"దానికి బస్సేమో!"

"దానికైతే నాకేంటి? ముప్పై ఏళ్లు బస్సు తోలా. వ్యాన్ని పట్టుకుని బస్సు అనమంటావా?"

ఆమె అనలేదు. ఇర్మా మనిషి కాదని యంత్రం నిర్ధారించి, తలుపు మూసేసింది.

అలా కథ ఇలాంటి బండ్లు నిలుపుకునే ప్రైవేటు స్థలం 'సిల్వర్ స్ప్రూస్ విలాస విడిది'కి చేరింది. టొరంటో నడిబొడ్డుకు ముప్పావుగంట దూరం. (ట్రాఫిక్ దయతలిస్తే. దయతలచినట్టు దాఖలాలు లేవు.) ఈ విడిదిలో రూపురేఖల అధికారి అని ఒక పదవి ఉంది. దాన్ని అలంకరించినవారు క్లిఫర్డ్ పెన్‌హేల్‌గారు. గొంతు మెత్తన, మర్యాద మెండు. దరఖాస్తు అందిన మర్నాడే ఫోను చేశారు.

"మేడం, మీ బండి వయసెంతండీ?"

"ఇరవై నాలుగు."

"అయ్యో. విచారిస్తున్నానండి," అన్నారాయన, బండి పోయిందని కబురు విన్నవాడిలా. "మా దగ్గర పదేళ్లు దాటిన బండ్లను రానివ్వమండీ. పరిసరాల సౌందర్యం దెబ్బతింటుంది."

"నాకు అరవై తొమ్మిది. నా వల్లేమైనా దెబ్బతింటుందా?"

"అబ్బే, లేదండీ. మనుషులకు వయోపరిమితి లేదు. మనుషులు ఎక్కువగా లోపలే ఉంటారు కదా."

అప్పీలుకు అవకాశముందని ఆయనే చెప్పారు. బండిని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసి పంపాలి. రీనో వారం రోజులు మంచులో నిలబడి బండిని తోమి, చక్రాల మూతలు మెరిపించి, ఇర్మా చేత కొత్త తెరలు కుట్టించాడు. ఫోటోలు నచ్చాయి. తర్వాత వీడియోలో ముఖాముఖి. పెన్‌హేల్‌గారు తెర మీద కళ్లజోడు సవరించుకుంటూ, "కొంచెం ఎడమవైపుకి తిరగమనండి," అన్నారు. రీనో తిరిగాడు. "మీరు కాదండీ."

ఆ తర్వాత బండి సత్ప్రవర్తనకు ఇద్దరు పెద్దమనుషుల ధ్రువీకరణ కావాలన్నారు. చర్చి ఆవరణలో ఎన్నోసార్లు నిలబడిన బండి కాబట్టి పాస్టరుగారు, ప్రార్థన వేళ ఈ బండి ఎన్నడూ సద్దు చేయలేదని, ఈ మాట అందరు విశ్వాసుల గురించీ చెప్పలేనని రాసిచ్చారు. రెండో ధ్రువీకరణ మెకానిక్‌ది. అందులో ప్రశంస తక్కువైనా ఆత్మీయత ఉంది.

మార్చి చివర అప్పీళ్ల సంఘం కూర్చుని, బండి అందంగానే ఉందని, వయసు మాత్రం వయసేనని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆ రాత్రి ఇర్మా అక్కకు ఫోను చేయబోయి మూడుసార్లు పెట్టేసింది. ఫోటోలో రెండో ఖాళీ ఆమె కళ్లముందు కదిలింది. "బస్సెక్కి పోతాలే," అంది చివరికి.

"పో. నేను లాబీలో నిలబడతా," అన్నాడు రీనో. అతను హాస్యానికి అనలేదు. అందుకే ఆమెకు నవ్వొచ్చింది, కాస్త ఏడుపూ వచ్చింది.

మర్నాడు పెన్‌హేల్‌గారే మళ్లీ పిలిచారు. ఆయనకు నిద్రపట్టలేదట. "మేడం, రూల్సు పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివాను. పదేళ్లు దాటితే పాత బండి. కానీ పాతికేళ్లు నిండితే అది పాత బండి కాదండీ, పురాతన సంపద! వాటికి మా దగ్గర స్వాగతం, గేటు పక్కన చోటూను. మీ బండి ఎప్పుడు పుట్టిందో డ్రైవరు తలుపు దగ్గర రేకు మీద ఉంటుంది, చూసి చెప్తారా?"

ఇర్మా చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా మంచులోకి పరుగెత్తింది. రేకు మీద జూన్ అని ఉంది. రోజు లేదు.

జూన్ అంటే ఒకటో తేదీయా, ముప్పయ్యోదా అన్న అంశం మీద సంఘం రెండు వారాలు తర్జనభర్జన పడింది. బండికి మేలు జరిగేలా ఒకటో తేదీ అని తేల్చింది. పెళ్లి పన్నెండున. వాహనం మే నెలాఖరు దాకా అసహ్యంగాను, జూన్ నుంచి అపురూపంగాను ఉంటుందని లిఖితపూర్వకంగా తెలియజేసింది.

పెద్ద సరస్సు ఒడ్డు పట్టుకుని రెండు రోజులు నడిపి, పెళ్లికి ముందురోజు సాయంత్రం ఇర్మా విడిది గేటు దగ్గర బండి ఆపింది. పెన్‌హేల్‌గారు మెడకు టై కట్టుకుని ఎదురొచ్చారు. బండిని ఫౌంటెన్ పక్కన పెట్టించి, చుట్టూ ఎర్ర మఖమలు తాడు కట్టించారు. ఇర్మాకు కళ్లు చెమర్చాయి.

"ఇక ఎవరూ ముట్టుకోకూడదండీ," అన్నారాయన తృప్తిగా. "పురాతన సంపదలో వండకూడదు, పడుకోకూడదు."

"మేం కూడానా?"

"ముఖ్యంగా మీరేనండీ. వాడితే అరుగుతుంది కదా."

ఇర్మా నడుం మీద చేతులు వేసుకుంది. "చూడండి సార్. లోపల రొట్టె పిండి పొంగుతోంది. ఇప్పుడు కాల్చకపోతే పొద్దున్నకి ఫౌంటెన్ దాకా వస్తుంది. పిండికి మీ రూల్సు తెలీవు. రేపు మా అక్క పెళ్లి. ఆ పుస్తకం ఇటివ్వండి."

ఆయన ఇచ్చారు. ఇర్మా బండి మెట్టు మీద కూర్చుని, వేలు పెట్టుకుంటూ చదివింది. రీనో గిన్నె పట్టుకుని పొంగుతున్న పిండిని గుద్దుతూ నిలబడ్డాడు. పిండి రెండోసారి అంచు దాటుతుండగా ఆమె వేలు ఆగింది.

"ఇక్కడ చూడండి. సందర్శకుల విజ్ఞానం కోసం ఆ కాలపు జీవన విధానాన్ని కళాకారులు ప్రదర్శించవచ్చు."

పెన్‌హేల్‌గారు వంగి చూశారు. "ఉందండీ. కానీ మీరు కళాకారులా?"

"పాతికేళ్లుగా రిహార్సల్సు వేస్తున్నాం."

"వేషధారణ కూడా ఆ కాలానిదే అయ్యుండాలండీ." ఆయన రీనో చొక్కా వైపు, బెల్టు వైపు, సాక్సుతో తొడుక్కున్న చెప్పుల వైపు నిదానంగా చూసి, కాగితం మీద 'అసలైనవే' అని రాసుకున్నారు. రాత్రి తొమ్మిది దాకా తెరలు తీసి ఉంచాలనే షరతుతో అనుమతి మంజూరైంది.

ఆ సాయంత్రం ప్రదర్శన బాగా రక్తి కట్టింది. విడిదిలోని కొత్త బండ్లలోంచి జనం కుర్చీలు తెచ్చుకుని తాడు బయట కూర్చున్నారు. ఇర్మా పిండిని మూడు పేటలుగా అల్లుతుంటే, "అప్పట్లో అన్నీ చేత్తోనే చేసేవారా?" అని ఒకావిడ మెల్లగా అడిగింది. "చేత్తోనేనమ్మా. కాళ్లతో చేస్తే బాగుండేది కాదు," అంది ఇర్మా. రేపటి దారి చూసుకుందామని రీనో కాగితపు రోడ్డు మ్యాపు విప్పగానే సభలో కలకలం రేగింది. దాన్ని మళ్లీ అవే మడతల మీద మడిచేసరికి చప్పట్లు మోగాయి. భర్తను మెచ్చుకుని జనం చప్పట్లు కొట్టడం ఇర్మా చూడటం అదే మొదలు. రీనో కూడా వదల్లేదు, మళ్లీ విప్పాడు.

పొద్దున్నే ఇంకో చిక్కు వచ్చింది. ప్రదర్శన వేళల్లో కళాకారులు వేదిక వదిలి వెళ్లరాదట. పెన్‌హేల్‌గారు తనే తల పట్టుకుని ఆలోచించి, తనే ఒక బోర్డు రాసి తాడుకు తగిలించారు: 'ఆ కాలపువారు పెళ్లికి వెళ్లియున్నారు.' అది కూడా ప్రదర్శనలో భాగమేనని సంఘానికి నచ్చజెప్పుకుంటానన్నారు.

సరస్సు ఒడ్డున పార్కులో పెళ్లి. విన్‌స్టన్ లేత పసుపు కోటు వేసుకుని, వచ్చినవాళ్లందరినీ తలుపులకు దూరంగా నిలబడమని మెట్రో గొంతుతో హెచ్చరించాడు. పార్కుకు తలుపుల్లేవు. సిర్కా అప్పుడే నవ్వడం మొదలుపెట్టి ప్రమాణాల దాకా ఆపలేదు. ఫోటో తీసేటప్పుడు మాత్రం ఆమె నవ్వు ఆపి ఇర్మా చెయ్యి వెతికి గట్టిగా పట్టుకుంది.

"వచ్చావే," అంది.

"వచ్చానే," అంది ఇర్మా. విన్‌స్టన్ రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, "మరదలా, ఈ యాలకుల కోసమైనా మీ అక్కను ఇంకో రెండుసార్లు పెళ్లాడతా," అన్నాడు.

సాయంత్రం మిగిలిన రొట్టెతో తిరిగొచ్చేసరికి తాడు దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది. పేరు టామ్సిన్. నగరంలో పెద్దాసుపత్రిలో నర్సు. అక్కడ ఇల్లు అద్దెకు తీసుకునే తాహతు నర్సులకు లేదు కాబట్టి ఈ విడిదిలోనే చిన్న బండిలో కాపురం. నగరంలో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా పొద్దున్నే ఇక్కడినుంచి వెళ్లి చూసుకుని వస్తుంది. ఇర్మా రొట్టె ఇచ్చింది. అప్పుడే బోర్డు విప్పడానికి పెన్‌హేల్‌గారూ వచ్చారు.

"సార్, ఒక మాట," అంది టామ్సిన్, తాడును వేలితో రాస్తూ. "నా బండికి అక్టోబర్లో పదేళ్లు నిండుతాయి. నేనేం చెయ్యాలి?"

పెన్‌హేల్‌గారు పుస్తకం తీసి, శ్రద్ధగా వెతికి, ముఖం వికసించగా చెప్పారు.

"ఏం దిగులు పడకండమ్మా. పాతికేళ్లు నిండగానే మీకూ ఇలాగే తాడు కడతాం. ఈ మధ్యలో పదిహేనేళ్లు ఎవరి కంటా పడకుండా ఉంటే చాలు."