తలకాయల లెక్క

"జైలు గడప తొక్కనివాడికి కార్పొరేషన్ టికెట్ లేదు!" అని జిల్లా అధ్యక్షుడు శ్రీరామ్మూర్తి గారు సీతమ్మధార సభలో గర్జించారు. బస్సు ఛార్జీల పెంపుకు నిరసనగా మర్నాడే జైల్ భరో అన్నారు.

పోర్టు కూలీలకు టిఫిన్లు సప్లై చేసే గురునాథరావు ఆ క్షణమే దేశానికి అంకితమైపోయాడు. కార్పొరేటర్ కాని బతుకూ ఒక బతుకేనా అని ఆయన చాలా కాలంగా కుమిలిపోతున్నాడు. మర్నాడు భార్య పద్మావతి హారతిచ్చి, ఆవకాయ జాడీ, దిండు చేతికిచ్చింది. ఆయన పత్రికల వాళ్ళకి రకరకాల భంగిమల్లో ఫొటోలు దిగి, మెడనిండా దండలతో జైలుకు చేరేసరికి మిగతా నాయకులంతా ముందే వెళ్ళి పడకలు పరిచేసుకున్నారు.

"హౌస్‌ఫుల్ అండీ," అన్నాడు సూపరింటెండెంట్ అచ్యుతరామయ్య, గోదావరి మర్యాద ఏమాత్రం తగ్గకుండా. "నిలబడ్డానికి కూడా చోటు లేదండీ. వచ్చే ఉద్యమానికి తప్పకుండా దయచేయండి."

"ఇదేటండీ! ఈ దండల్తో ఇంటికెలా ఎల్తాను? ఊరు నవ్వదా?" గురునాథరావుకి నిజంగానే ఏడుపొచ్చింది.

గేటు దగ్గర ఊడుస్తున్న ఖైదీ తవిటయ్య చీపురు ఆపాడు. సిటీ బస్సుల్లో జేబులు కొట్టి వచ్చినవాడు. శిక్ష ఇంకా ఏడాది పైన ఉంది.

"బాబూ, ఓ మాట సెప్తాను. నా సోటు నువ్వు తీసుకో. నాను ఇంటికెల్లి మా ఇంటిది పైడితల్లి సేతి సేపల పులుసు తినేసి, పొద్దున్నే వచ్చేత్తాను."

అచ్యుతరామయ్య కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "సాయంత్రం తలకాయల లెక్క సరిపోతే చాలండీ. ముఖాలు గవర్నమెంటు అడగదండీ."

పరిపాలనా దక్షత అంటే అదీ. జైలు చొక్కా గేటు దాటకూడదని రూలు కాబట్టి ఇద్దరూ బట్టలు మార్చుకున్నారు. ఖద్దరు లాల్చీ, దండ వేసుకున్న తవిటయ్య "వత్తాను బావా" అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. లాల్చీ తొడగ్గానే బాబు కాస్తా బావ అయ్యాడు.

తెల్లారింది. ప్రభుత్వం ఛార్జీలు తగ్గించలేదు గానీ, నాయకుల తిండి భరించలేక అందరినీ వదిలేసింది. బయట బ్యాండు మేళం మోగింది. సరిగ్గా అప్పుడే, మాట తప్పని మనిషి తవిటయ్య వాడిన దండతో గేటు ముందు దిగాడు.

"నన్ను లోపలికెల్లనీండి బాబూ! సూపర్నెంటు గారికి మాటిచ్చేను!"

శ్రీరామ్మూర్తి గారి కళ్ళు చెమర్చాయి. "చూశారా! ప్రభుత్వం వదిలేసినా జైలే కావాలంటున్నాడు! ఇదీ త్యాగమంటే!" అని జీపెక్కించి, అక్కడికక్కడే టికెట్ ప్రకటించారు.

లోపల గురునాథరావు ఊచలు పట్టుకుని ఊపేస్తున్నాడు. "నాను నాయకుణ్ణండీ! నన్నొదిలీండి!"

"వదిలితే ఒక తల తగ్గుతుందండీ. నా ఉద్యోగం ఊడుతుందండీ," అన్నాడు అచ్యుతరామయ్య. "ఇప్పుడు జైలంతా ఖాళీయే కదండీ, కాళ్ళు బారజాపుకోండి."

గురునాథరావు ఆశంతా భార్య మీద పెట్టుకున్నాడు. ములాఖత్‌కి వచ్చిన పద్మావతి మొహం వెలిగిపోతోంది. "పక్కింటి సూర్యకాంతమ్మ మొగుణ్ణి ఒక్క రోజుకే తరిమేశారట. మిమ్మల్ని మాత్రం ఉంచేశారు! వీధంతా మీ మాటే. కంగారుపడి వచ్చేయకండి," అని జాడీ మార్చి వెళ్ళింది.

పంద్రాగస్టుకి జైల్లో మిఠాయి పంచడానికి అభ్యర్థి తవిటయ్య గారు వచ్చారు. "జైలే నా బడి!" అని ఉపన్యసించారు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. వరసలో నిలబడ్డ గురునాథరావు ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు.

"బావా, నా సంగతేటి?"

"ఓపిక పట్టు బావా. నాను మాట తప్పుతానేటి? ఓడిపోతే వచ్చేత్తాను."

ఆ సాయంత్రం గురునాథరావు, బుద్ధెరిగాక మొదటిసారి, ఎదుటి పార్టీ గెలవాలని కనకమహాలక్ష్మికి మొక్కుకున్నాడు. ఓట్ల లెక్కింపు రోజున బయట మళ్ళీ బ్యాండు మోగింది. అచ్యుతరామయ్య లడ్డూల పళ్ళెంతో పరుగున వచ్చాడు.

"మీ పార్టీయే గెలిచిందండీ! నోరు తీపి చేసుకోండి."