మా రోడ్డుకు తారు వద్దు

అయ్యా, అమ్మా! మా ఊరి రోడ్డు బాగుచేస్తామని ఎవరైనా బయల్దేరితే దయచేసి దారిలోనే ఆపేయండి. అది రోడ్డు కాదు, ప్రయోగశాల. దాని మీద తారు పోశారంటే జీవశాస్త్రాన్ని నిలువునా పూడ్చిపెట్టినట్టే!

నేను ముప్పై ఒక్క ఏళ్లు ములకలపల్లి చుట్టుపక్కల బళ్లలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. నాడీవ్యవస్థ పాఠానికి నాకు బడి ఇచ్చిన సామగ్రి ఒకే ఒక్క చార్టు. అందులో మెదడును ఎప్పుడో చెదలు తినేశాయి. అయినా నా క్లాసులో ఆ పాఠం రానివాడు లేడు. ఎందుకంటారా? మా ఊరి నుంచి పాల్వంచ మెయిన్ రోడ్డెక్కాలంటే అడవిలో పదకొండు కిలోమీటర్లు. ఆటోలో గంటంబావు. ఆ గంటంబావులో నాడీవ్యవస్థ మొత్తం, ఫీజు లేకుండా, తల నుంచి కాలివేలి దాకా అర్థమైపోతుంది.

మొదటి గుంతలో వెన్నుపాము ఎక్కడుందో తెలుస్తుంది. అప్పటిదాకా తమకు అలాంటిదొకటి ఉన్నట్టే చాలామందికి తెలియదు! రెండో గుంతలో మీ చెయ్యి మీకు చెప్పకుండానే పైకడ్డీ పట్టుకుంటుంది. దాన్నే ప్రతీకార చర్య అంటారు. మెదడును అడిగి పట్టుకుందాం అనుకున్నవాడు అప్పటికే పక్కవాడి ఒళ్లో ఉంటాడు.

ఇక అనుమస్తిష్కం. శరీరాన్ని బ్యాలెన్స్ చేయడం దాని పని. ముగ్గురు కూర్చునే ఆటోలో పన్నెండు మందిని, రెండు మేకలను, ఒక గ్యాస్ సిలిండరును ఎక్కించుకుని మా కోటేష్ ఒక చేత్తో బండి నడుపుతూ రెండో చేత్తో ఫోన్ మాట్లాడతాడు. అలాంటి అనుమస్తిష్కం వేరే దేశంలో దొరికితే గాజుసీసాలో పెట్టి దాచుకునేవారు! గుండెనూ ఊపిరినీ మన ప్రమేయం లేకుండా నడిపేది మజ్జిముఖం. వాగు మీద కల్వర్టు రాగానే పన్నెండు మందీ ఊపిరి బిగపడతారు. అవతలికి చేరాక మజ్జిముఖం మళ్లీ డ్యూటీలో చేరుతుంది. ఇంత వివరంగా ఏ కార్పొరేట్ కాలేజీ చెబుతుంది?

జ్ఞాననాడులు వార్తను పైకి మోస్తాయి, చాలకనాడులు ఆజ్ఞను కిందికి తెస్తాయి. ఇది పిల్లలకు ఎక్కేది కాదు. అందుకని రోడ్డు కోసం మావాళ్లు పెట్టిన అర్జీలతో చెప్పేవాణ్ణి. తొమ్మిది అర్జీలు పైకి పోయాయి, అందినట్టు కాగితాలూ వచ్చాయి. అంటే జ్ఞాననాడులు దివ్యంగా ఉన్నాయి. కిందికి ఆజ్ఞ మాత్రం ఒక్కటీ రాలేదు. ఒక ఇంజనీరుగారు పెద్ద కారులో వచ్చి, అద్దమైనా దించకుండా, కుదుపేమీ తెలియడం లేదే అని వెళ్లిపోయారు. ఇట్లయితే ఏమంటరు సార్ అని పిల్లలు అడిగేవారు. పక్షవాతం అంటారు, పరీక్షలో వస్తుంది, రాసుకోండి అనేవాణ్ణి.

అన్నిటికంటే పెద్ద వరం తిమ్మిరి. మా ఆటో దిగిన ప్రతి మనిషికీ చెయ్యో కాలో మొద్దుబారి ఉంటుంది. దిగగానే అందరం వరసగా నిలబడి చేతులు జాడించుకోవడం మా ఊరి ఆచారం. కొత్తవాళ్లు చూస్తే డాన్స్ అనుకుంటారు. రెండు నిమిషాల్లో తిమ్మిరి పోతుంది. అందుకే మావాళ్లు దానికి భయపడరు. ఎంత ధైర్యం!

పోయినేడు వేసవిలో ముత్తక్క, ఆమె భర్త పగిడయ్య సంతకని నాతోపాటే ఆటోలో వచ్చారు. ముత్తక్క చేతుల గురించి చెప్పాలి. కబుర్లు చెబుతూనే, కిందికి చూడకుండా, బీడీలు చుట్టే తునికాకులు యాభై లెక్కగా పేర్చి కట్ట కట్టేది. ఆకులు కొనే కల్లంలో ఆమె కట్టను ఎవరూ మళ్లీ లెక్కపెట్టేవారు కాదు. ఆ పొద్దు ఆటో దిగాక, కుడి చెయ్యి మొద్దుబారిందని నాకు చెప్పింది. నేను జీవశాస్త్రం సారును కదా!

“గీ రోడ్డు మీద అందరికీ గంతే ముత్తక్కా. జాడించు, పోతది” అన్నాను.

అందరం జాడిస్తున్నాం. ఆమె కూడా ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని జాడించింది. తర్వాత టీ గ్లాసు ఎడమ చేత్తో అందుకుంది. అదీ చూశాను.

అప్పటికి ఎనిమిదిన్నర. సంత చూసుకుని మళ్లీ ఆటోలోనే ఇంటికెళ్లారు. మధ్యాహ్నం మూతి వంకరపోయింది, మాట ముద్దయింది. మళ్లీ అదే రోడ్డు, అదే గంటంబావు. దవాఖానా చేరేసరికి మూడు దాటింది. చెయ్యి ఎప్పుడు మొద్దుబారిందని డాక్టరు అడిగితే పగిడయ్య ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మెదడులో రక్తనాళం పూడుకుపోయిందనీ, నాలుగున్నర గంటల్లోపు తెచ్చి ఉంటే ఇంజక్షన్‌తో చెయ్యి దక్కే అవకాశం ఉండేదనీ డాక్టరు అన్నారు.

మొన్న తునికాకు కల్లం దగ్గర ఆమె కనిపించింది. మాట తిరిగొచ్చింది. ఎడమ చేత్తో ఆకులు అందిస్తోంది, పగిడయ్య కట్టలు కడుతున్నాడు. కల్లంలో ఇప్పుడు వాళ్ల కట్టలు మళ్లీ లెక్కపెడుతున్నారు. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఎడమ చేత్తో కుడి చేతిని పైకెత్తి చూపించింది.

“నువ్వు చెప్పినట్టే రోజూ జాడిస్తున్న సారూ. ఇంకా పోతలేదు.”

ముప్పై ఒక్క ఏళ్లు పక్షవాతం బోర్డు మీద రాసినవాణ్ణి. అది వచ్చి నా ఎదురుగా నిలబడి చెయ్యి చూపిస్తే, రోడ్డు తిమ్మిరి అన్నాను. సిగ్గుగా ఉంది. పదో అర్జీ నేనే రాస్తున్నాను. ఈ పాఠానికి ఫీజు లేదని పైన అన్నాను కదా, ఆ మాట కొట్టేయండి. ముత్తక్క కట్టింది.