పాక్ సుగియార్తో అడుగుపట్టీ విజయము

మెరాపి శిఖరమున పొగ సన్నగా లేచుచుండగా, జోగ్జకార్తా వీథుల మోటారుసైకిళ్ల ఘోష దిగంతముల నిండుచుండగా, శనివారము పొద్దున పదింటి శుభవేళ, పేట గ్రంథాలయమందలి పండ్రెండు కంప్యూటర్లకు ఏకచ్ఛత్రాధిపతియు, లినక్స్ సంఘ కులవృద్ధుడును, ఇరువదిరెండేండ్లుగా డెస్క్‌టాప్ అను ఒకే తెర యమరికను విడువని ఏకపత్నీవ్రతుడును నగు పాక్ సుగియార్తో, అనగా సుగియార్తో గారు, కుర్చీ నధిష్ఠించి చొక్కా చేతులు మడచెను.

కారణ మల్పము గాదు. ఇంతకాలము తెరపై బొమ్మలు దిద్దిన ఎక్స్ అను ముదుసలి ప్రోగ్రాము సోమవారము సింహాసనము దిగును. వేలాండ్ అను నవప్రభువు పట్టము గట్టుకొనును. "దానిమీద మీ పాత డెస్క్‌టాప్ నడిస్తే సరే. లేకపోతే అన్నిట్లోనూ కొత్తది ఎక్కించేస్తా" నని సంఘ కార్యదర్శిని లారస్ తేల్చి చెప్పెను. పేటంతయు ఎంబా యని పిలుచు ముసలవ్వ తుమినా ప్రతిదినమును పదకొండింటికి వచ్చి వార్తలు చదువుకొనును. తెర యడుగున బొత్తాములు వరుసదీరిన అడుగుపట్టీలో, ఎడమ మూలనున్న బొత్తాము దక్క ఆమె వేరొండెఱుగదు. అది కదలెనా, ఆమె మఱి రాదు. సుగియార్తో భయమంతయు నదియే.

"ఓయీ నవప్రభూ! నా యడుగుపట్టీని పెకలింప నీ తరమా? ఈ కీబోర్డు సాక్షిగా నిన్ను జయించెద!"

"పాక్, కాఫీ చల్లారిపోతోంది" అనెను లారస్.

అతడు కంప్యూటరు తెఱచెను. పట్టీ యథాస్థానమున వెలిగెను. సుగియార్తో సింహనాదము చేసెను. లారస్ వంగి చూచి, "పాక్, లాగిన్ దగ్గర మళ్ళీ ఎక్స్‌నే నొక్కారు. ఇరవై రెండేళ్ళ అలవాటు, వేలు ఊరుకుంటుందా!" అని కిసుక్కున నవ్వెను.

సిగ్గుపడి వీరుడు ఈసారి వేలాండ్ రాజ్యమున కాలిడెను. అయ్యో! అడుగున నుండవలసిన పట్టీ తెర నడుమ దిక్కుతోచక తేలుచుండెను. మౌసుతో లాగెను, అమరికలు మార్చెను, పదమూడు మారులు క్రిందికి నెట్టెను. పదమూడు మారులును అది నడుమనే నిలిచెను. గడియారము పదిన్నర దాటెను.

"ఏంటి పాక్, మన మర్యాద మీకు నేను చెప్పాలా? ఎవరింటికైనా వెళితే వాళ్ళు 'మొంగ్గో, కూర్చోండి' అనకముందే కుర్చీలో కూలబడతామా? ఎక్స్ ఇంట్లో అడిగేవాడు లేడు, ఎవరికి తోచిన చోట వాళ్ళు కూర్చున్నారు. ఈ వేలాండ్ ఇంట్లో చోటు అడగాలి" అనెను లారస్.

ఆ మాటకు మహావీరుని మీసము వంగెను. వినయముగా, చోటడుగుట నేర్పు చిన్న కోడు పొత్త మొకటి దెచ్చి పట్టీకి జతపఱచి, మఱల తెఱచెను. పట్టీ నెమ్మదిగా దిగి అడుగున గూర్చుండెను. ఎడమ మూల బొత్తాము మెఱసెను.

సరిగా పదకొండింటికి ఎంబా తుమినా వచ్చి, కూర్చుండి, ఎడమ మూల నొక్కెను. వార్తలు తెఱచుకొనెను.

"ఏరా సుగీ, ఆ చెమటలేంటి? పొద్దుట్నుంచీ ఏం వెలగబెట్టావు?"

"కంప్యూటర్ మొత్తం మార్చేశాను ఎంబా."

"ఏం మార్చావురా? అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయిగా!"

సుగియార్తో కన్నులు చెమర్చెను. ఇట్లు ఒక బొత్తాము, మహాసంగ్రామానంతరమున, తానున్నచోటనే యున్నదని సమస్త లోకములకును చాటుటయైనది.