కుట్టుమిషన్ మీద నర్సింహస్వామి

దేవుణ్ణి చేత్తో కుట్టడమంత దండగ పని లోకంలో ఇంకొకటి లేదు!

ఈ మాట ఎవరో కాలేజీ పిల్ల అనలేదు. అరవై దాటి, కండ్లకు అద్దాలు పెట్టుకుని, నలభై ఏండ్లు సూది పట్టిన నేను అంటున్నాను. నేను బడి మొహం చూడలేదు. శెట్టి దుకాణంలో బెల్లం కట్టిచ్చిన కాయితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. అయినా నా మాట కొంచెం వినండి.

దసరాకు దగ్గరి చుట్టాలకు ఎనిమిది గలీబులు ఇవ్వడం మా ఇంటి ఆనవాయితీ. తలకింది మెత్తకు తొడిగే గలీబు మీద యాదగిరి నర్సింహస్వామి, ఆయన ఒడిలో లక్ష్మీదేవి. చేత్తో కుడితే, ఇద్దరం కూర్చున్నా ఇరవై రోజులు. ఆ రెండో మనిషి మా చెల్లె సత్తెమ్మ. దేవరకొండ దిక్కున ఒక చిన్న గూడెం నుంచి వచ్చి, ఆ ఇరవై రోజులూ మా ఇంట్లోనే ఉండేది. మూడు పూటలా అన్నం పెట్టాలి. తలకు నూనె రాయాలి. మా నాయిన పొట్టేలు మీదెక్కబోయి ముళ్లకంపలో పడ్డ ముచ్చట ఏటా చెబుతుంది. ఏటా కొత్తగా విన్నట్టు నవ్వాలి. ఎంత ప్రయాస!

పైగా మా అమ్మ పెట్టిపోయిన నియమం ఒకటుంది. సూది గుడ్డలో సగంలో ఉండగా కుట్టేవాళ్లు ఇల్లు దాటొద్దు. దాటితే ఇద్దరి నడుమ పోగు తెగుతుందట. అందుకని ఆఖరి కుట్టు పడేదాకా చెల్లెను భరించాల్సిందే!

ఇన్ని కష్టాలనుంచి మమ్మల్ని గట్టెక్కించింది ఎవరు? కుట్టుమిషన్!

కట్టంగూరు పక్కనున్న మా ఊరి మహిళా మండలికి పోయిన ఏడు బ్లాకు ఆఫీసువాళ్లు మిషన్ ఇచ్చారు. సాలమ్మ బిడ్డ బిక్షమ్మ నల్గొండలో ఆర్నెల్లు ట్రైనింగు అయి వచ్చింది. గుడ్డను గుండ్రటి చెక్క ఫ్రేములో బిగించి, కాలితో మిషన్ తొక్కుతూ చేత్తో ఫ్రేము తిప్పుతుంది. పొద్దున మొదలుపెడితే సందెకు స్వామి తయారు. రోజుకొక దేవుడు! మునులు వందల ఏండ్లు తపస్సు చేసి ఏం బావుకున్నారు?

ఇప్పుడు మా ఊళ్లో దేవుడు లేని గుడ్డ లేదు. దీనివల్ల కలిగిన మేలు అంతా ఇంతా కాదు. మా పెద్దోడు గోపయ్య కొత్త గలీబు తొడిగిన మెత్త చూసి నిలబడిపోయాడు.

"అమ్మా, తలకాయ యాడ పెట్టాలె?"

"స్వామి మీద పెడ్తవా ఏంది? కండ్లు పోతయ్!"

"మరి మెత్త ఎందుకే?"

"చూస్తానికి!"

ఆనాటి నుంచి వాడు చెయ్యి మడిచి తలకింద పెట్టుకుంటున్నాడు. మెడ పట్టేసి కోడి కూయకముందే లేస్తున్నాడు. ఇరవై ఏండ్లు నేను తిట్టినా లేవనివాణ్ణి స్వామి వారం రోజుల్లో దారికి తెచ్చాడు!

మా మరిది గుర్వయ్యకు శంఖుచక్రాల దస్తీ ఒకటి ప్రజెంటుగా వచ్చింది. అదే వారం జలుబు కూడా వచ్చింది. దస్తీ జేబులో, జలుబు ముక్కులో. రెంటినీ కలవనివ్వకుండా నాలుగు రోజులు తిప్పలుపడ్డాడు. ఇంద్రియనిగ్రహం అంటే ఏమిటో పురాణం చెప్పించుకున్నా అర్థం కానిది ఒక్క దస్తీతో అర్థమైంది.

ఊరి పట్వారీ కుర్చీ వీపుకు కూడా స్వామి బొమ్మ గుడ్డ తొడిగారు. కచేరీకి వచ్చినవాళ్లంతా వంగి దండం పెడుతున్నారు. ముందు కూడా వంగేవాళ్లే అనుకోండి. ఇప్పుడు మనస్ఫూర్తిగా వంగుతున్నారు.

సాలమ్మ వాళ్లది కిరస్తానీ ఇల్లు. క్రిస్మసుకు పంచడానికి బిడ్డచేత శిలువ దస్తీలు కుట్టించింది. పావుగంటకొకటి.

"మీ దేవుడే నయం సాలమ్మా, రెండు గీతలల్ల అయిపోతడు. మా స్వామికి జూలే ఒక పూట పడతది" అన్నాను.

"గా రెండు గీతలు మోసినాయనకు తెలుసక్కా, ఎంత సేపు పట్టిందో" అంది సాలమ్మ.



అసలు మేలు సంగతి ఇంకా చెప్పనేలేదు. పోయిన దసరాకు మా చెల్లె పది గంటల బస్సు దిగి, చేతిసంచీ గడపలో పెట్టేసరికి ఎనిమిది గలీబులూ మడతపెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ విప్పి చూసింది.

"ఇంకేం పనుందక్కా?"

"ఏం లేదే."

"ఏం లేదా?"

"ఏం లేదు."

అన్నం తిన్నది. 'పోయొస్త' అని ఒంటిగంట బస్సుకు పోయింది. చూశారా, ఎంత సుఖం! అన్నం మిగిలింది, నూనె మిగిలింది, టైము మిగిలింది. ఆ మిగిలిన టైమును ఎక్కడ పెట్టాలో తెలియక పొద్దుగూకేదాకా గడపలోనే కూర్చున్నాను.

నాకు 'పోయొస్త' అన్న మాట పడదు. ఊళ్లల్లో తుపాకులు పేలిన గడబిడల ఏడాది మా తమ్ముడు ఐలేశం ఆ మాటే అని బాట పట్టాడు. మాటలో సగమే నిలబెట్టుకున్నాడు. అది వేరే సంగతి. మనం మాట్లాడుకుంటున్నది మిషన్ గురించి.

ఈ ఏడు కూడా పని బిక్షమ్మకే ఇచ్చాను. అచ్చు దించడం మాత్రం నా వంతు. అదెట్లాగంటే, పలుచటి కాయితం మీద బొమ్మ గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడవాలి. కాయితాన్ని గుడ్డ మీద పరిచి, నీలిమందు కలిపిన కిరసనాయిలుతో రుద్దాలి. చిల్లుల్లోంచి దిగి గుడ్డ మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల వెంట పిల్ల మిషన్ తొక్కుతుంది. అంతే.

చెల్లె వచ్చింది. మొదటి గలీబు విప్పింది. కెవ్వుమంది.

"అక్కా! అమ్మవారు కుడి తొడ మీద కూసుందేందే!"

ఎడమ తొడ భార్యది, కుడి తొడ బిడ్డది. ఇది తెలియని ఇల్లుందా? రెండోది విప్పాం, మూడోది విప్పాం. ఎనిమిదింటి మీదా లక్ష్మీదేవి తన మొగుడికి బిడ్డయి కూర్చుంది!

"నా తప్పు లేదవ్వా! సుక్కలు ఎట్లున్నయో గట్లనే తొక్కిన" అని, పిలిస్తే వచ్చిన బిక్షమ్మ ఏడుపుమొహం పెట్టింది.

"నీ తప్పు లేదు బిడ్డా, నాదే. కండ్లు కానరాక కాయితం తిర్లమర్ల పరిచిన, కిందిదిక్కు మీదికైంది" అని నిందంతా నా నెత్తినే వేసుకున్నాను. పెద్దతనం అంటే అదే కదా!

ఇట్లాంటి గలీబును చుట్టాలకు ఇస్తామా? ఇవ్వం. కుట్టు విప్పాలి. మిషన్ కుట్టు విప్పడమంటే మాటలా? పైపోగూ కిందిపోగూ ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. బ్లేడు పెడితే తొందరగా తెగుతుంది గానీ, స్వామి మీద బ్లేడు పెడతామా? సూదిమొనతో ఒక్కొక్క పోగూ లేపాలి. రోజంతా తొక్కింది విప్పడానికి ఇద్దరం కూర్చున్నా మూడు రోజులు. ఎనిమిది గలీబులకు ఇరవై నాలుగు! ఇక అమ్మ పెట్టిన నియమం కుట్టడానికే కాదు, విప్పడానికీ వర్తిస్తుందని అక్కడికక్కడే తీర్పు చెప్పాను. చెల్లె బస్సు బాట దిక్కు ఒకసారి చూసి, చేతిసంచీ లోపల పెట్టింది.

చేతికుట్టు మనిషిని ఇరవై రోజులే ఆపేది. మిషన్ కుట్టు ఇరవై నాలుగు ఆపుతుంది. మిషన్ గొప్పదని నేనన్నది ఊరికేనా?

ఇంకొక్క మాట. ఆ కాయితం పరిచిన నాడు నా కండ్లు బాగానే ఉన్నాయి.

అయిదో రోజున చెల్లె తలెత్తకుండానే అడిగింది.

"కావాల్ననే తిప్పినవ్ గదనే?"

"నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పాలె? ఒకటి తిర్లమర్లయితే పొరపాటు. ఎనిమిది ఎట్లయితయే?"

దొరికిపోయాను. "ఉండు అని అడిగితే ఉందువా మరి?" అన్నాను.

"ఎట్లుంట? ఇంటికాడ గొర్లున్నయ్. 'మా అక్కను చూడబుద్ధయి ఆగిన' అంటే మా ఇంటాయన ఊకుంటడా? పని మిగిలిందంటే నోరు మెదపడు."

చదివేవాళ్లారా, ఆడమనిషి తోబుట్టువు ఇంట్లో ఊరికే కూర్చుంటే పనిదొంగ. ఒళ్లో గుడ్డ పెట్టుకుని కూర్చుంటే పనిమంతురాలు. మా ఇద్దరికీ ఉన్న సెలవుచీటీ ఆ గుడ్డ ఒక్కటే. దాన్ని మిషన్ ఎంత సుఖంగా లాగేసుకుందో చూశారా!

చెల్లె ఒక ఎర్రపోగు లేపి, వెలుతురుకు పెట్టి చూసి, పక్కన వేసింది.

"వచ్చే ఏడు శ్రీరామ పట్టాభిషేకం దించక్కా" అంది. "అండ్ల మంది ఎక్కువ."